మీ హెల్మెట్‌లో రబ్బరు ఉందా? పెళుసు ప్లాస్టిక్ దెబ్బ తట్టుకోవడం నేర్చుకున్న కథ

ముందు మీకు ఒక వస్తువు చూపించాలి. [రెండు నల్లటి ముక్కలు చేతిలోకి తీసుకుని] ఇది హెల్మెట్. అంటే, మొన్నటిదాకా హెల్మెట్. మా తమ్ముడు ఖమ్మంలో రోడ్డు పక్కన రెండొందలకి కొన్నాడు. చలాన్ భయంతో కొన్నాడు, తల భయంతో కాదు. మొన్న బండి హ్యాండిల్‌కి తగిలించి ఉంటే జారి సిమెంటు గచ్చు మీద పడింది. పడితే ఇదిగో, ఇలా రెండు చెక్కలైంది. అదృష్టం, లోపల తల లేదు.

నాకు భయం వేసింది అది విరిగినందుకు కాదు, విరిగిన తీరు చూసి. ఈ అంచు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. నున్నగా, గాజు పలికినట్టు ఉంది. ఎక్కడా తెల్లదనం లేదు. ఈ తెల్లదనం మాట గుర్తుపెట్టుకోండి, ఈ ఎపిసోడ్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇంట్లో పనికిరాని టీవీ రిమోట్ ఉంటే దాని వెనక బ్యాటరీ మూత తీయండి. మూతకి ఒక చిన్న కొక్కెం ఉంటుంది కదా, దాన్ని మెల్లగా వంచండి. చాలావాటిలో విరిగే ముందు వంగిన చోట తెల్లగా ఒక గీత వస్తుంది. ఇప్పుడు స్కూల్లో మనం విరగ్గొట్టిన పారదర్శకమైన స్కేలు గుర్తుచేసుకోండి. ఠప్పుమని విరుగుతుంది, తెల్ల గీతా లేదు, ముందస్తు హెచ్చరికా లేదు. చవక స్కేళ్లు చాలావాటిని పాలీస్టైరీన్‌తో చేస్తారు. రిమోట్ మూత కూడా తరచుగా ఆ కుటుంబానికి చెందిన ప్లాస్టిక్కే. మరి తేడా ఎక్కడుంది? మూతలో కంటికి కనపడని రబ్బరు బొట్లు ఉన్నాయి. స్కేల్లో లేవు.

అంతే తేడా. కానీ ఆ బొట్లు లోపలికి సరిగ్గా వెళ్లడానికి ఇరవై ఏళ్లు పట్టింది, అవి ఏం చేస్తున్నాయో అర్థం కావడానికి ఇంకో పదిహేడేళ్లు.

ఒక మాట ముందే తేల్చేద్దాం. మనం 'గట్టిది' అనే మాటని రెండు అర్థాల్లో వాడేస్తాం. గాజు గట్టిదే, గీరితే గీత పడదు, కానీ కింద పడితే అయిపోయింది. రబ్బరు చెప్పు మెత్తనిది, మేడ మీంచి విసిరినా ఏమీ కాదు. వంగకుండా నిలబడటం వేరు, దెబ్బ తిని బతకడం వేరు. ఇంజనీర్లకి కూడా ఈ తేడాని కొలవడానికి వేరే యంత్రం కావాల్సి వచ్చింది. 1901లో ఫ్రాన్స్‌లో జార్జ్ షార్పీ, 1903లో ఇంగ్లండ్‌లో ఐజాడ్ దాదాపు ఒకే రకం పరీక్ష పెట్టారు. బరువైన లోలకాన్ని పైనుంచి వదులుతారు, అది ముక్కని విరగ్గొట్టుకుంటూ అవతలికి వెళ్తుంది. అవతల ఎంత తక్కువ ఎత్తుకి లేస్తే, ముక్క అంత శక్తిని మింగినట్టు. ముక్క మీద ముందే ఒక గాటు పెడతారు. ఎందుకంటే నిజ జీవితంలో ప్రతి వస్తువు మీదా ఎక్కడో ఒక గాటు ఉంటుంది. వాళ్లు ఉక్కు లాంటి లోహాల కోసం పెట్టిన ఈ పరీక్షలతోనే ఈరోజుకీ ప్లాస్టిక్‌ని కూడా కొలుస్తున్నారు.

సరే, కథలోకి వద్దాం. పూర్తిగా మనిషి తయారుచేసిన మొదటి ప్లాస్టిక్ బేకలైట్. బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టి, 1909లో అమెరికన్ కెమికల్ సొసైటీలో ప్రకటించాడు. మన పాత ఇళ్లలో ఆ నల్లటి కరెంటు స్విచ్చులు ఉండేవి చూడండి, అవి అవే. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఉత్త బేకలైట్ రెసిన్ పెళుసు. అందుకే అందులో చెక్క పిండి కలిపేవారు. మెత్తగా చేసిన చెక్కపొడి అన్నమాట. ఇంకా బలం కావాలంటే పత్తి పీచు, వేడి తట్టుకోవాలంటే ఆస్‌బెస్టాస్ పీచు.

మన ఊళ్లలో మట్టిగోడ పెట్టేవాళ్లకి ఇదేం కొత్త కాదు. మట్టి తొక్కేటప్పుడు తరిగిన వరిగడ్డి వేస్తారు. ఉత్త మట్టి ఎండితే పగుళ్లిస్తుంది, గడ్డి ఉంటే ఆ పగులుని రెండు వైపులా పట్టుకుంటుంది. మా అమ్మమ్మ వాళ్ల గోడ పెచ్చు ఊడితే లోపల గడ్డిపోచలు బయటికి కనపడేవి. చిన్నప్పుడు నేను వాటిని పీకేదాన్ని, తిట్లు తినేదాన్ని.

ఈ పీచు ఆలోచనని మొత్తం కారు దాకా తీసుకెళ్లింది తూర్పు జర్మనీ. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వాళ్లకి కారు రేకుకి సరిపడా ఉక్కు లేదు. అందుకని సోవియట్ యూనియన్ నుంచి వచ్చే పత్తి వ్యర్థాన్ని ఫినాల్ రెసిన్‌తో కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి కారు పైభాగం చేశారు. అదే ట్రబాంట్. స్వికావ్ అనే ఊళ్లో 1957 నుంచి 1991 దాకా సుమారు 30 లక్షల కార్లు చేశారు. లోపల ఉక్కు చట్రం, పైన పత్తి-రెసిన్ పలకలు. జనం దాన్ని అట్టకారు అని వెక్కిరించేవారు. కానీ తుప్పు పట్టని పలకలున్న ఆ కారు, వెక్కిరించినవాళ్ల కార్ల కంటే చాలావాటి కంటే ఎక్కువ కాలం బతికింది. గొడవల్లా తర్వాత వచ్చింది. ఈ రెసిన్ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. బెర్లిన్ గోడ పడ్డాక వదిలేసిన ట్రబాంట్ల బాడీలని ఏం చేయాలో అర్థం కాలేదు.

ఇప్పుడు రబ్బరు. ఇక్కడే నాకు ఇష్టమైన మనిషి వస్తాడు, ఇవాన్ ఆస్ట్రోమిస్లెన్‌స్కీ. రష్యా కెమిస్టు, విప్లవం తర్వాత అమెరికా చేరాడు. 1927లో ఆయనకి ఒక పేటెంట్ వచ్చింది. పాలీస్టైరీన్ తయారయ్యే ద్రవాన్ని స్టైరీన్ అంటారు. ఆ ద్రవంలో ముందే రబ్బరు కరిగించి, ఆ తర్వాత దాన్ని ప్లాస్టిక్‌గా మారిస్తే పెళుసుతనం పోతుందని ఆయన చెప్పాడు. ఆలోచన నూటికి నూరు శాతం కరెక్టు. కానీ అలా చేస్తే మొత్తం ఒక గడ్డలా, జిగట జెల్‌లా తయారైంది. అచ్చులో పోయడానికి పారదు. పేటెంట్ కాగితంగానే ఉండిపోయింది.

ఏం తక్కువైంది? చెబితే నవ్వుతారు. కలియబెట్టడం! మనం ఉప్మాకి రవ్వ పోస్తూ గరిటె తిప్పకపోతే ఏమవుతుందో అదే అయింది అక్కడ. మొదట్లో రబ్బరు ద్రావణం సముద్రంలా ఉంటుంది, కొత్తగా పుట్టే పాలీస్టైరీన్ అందులో బొట్లుగా ఉంటుంది. పాలీస్టైరీన్ పెరిగేకొద్దీ ఒక దశలో సరిగ్గా కలియబెడుతూ ఉంటే మొత్తం తిరగబడుతుంది. పాలీస్టైరీన్ సముద్రమవుతుంది, రబ్బరు బొట్లవుతుంది. కలపకపోతే ఆ తిరగబడటం జరగదు, రబ్బరు వలలా అల్లుకుపోయి కూర్చుంటుంది. ఇది పట్టుకుంది డౌ కంపెనీలో ఏమోస్, మెక్‌కర్డీ, మెకింటైర్ అనే ముగ్గురు. దెబ్బ తట్టుకునే పాలీస్టైరీన్‌ని డౌ 1948 ప్రాంతంలో అమ్మకానికి పెట్టింది, కలియబెట్టే పద్ధతి మీద వాళ్ల పేటెంట్ 1954లో వచ్చింది.

మధ్యలో ఆ ఇరవై ఏళ్లలో ఒక యుద్ధం కూడా ఉంది, దాన్ని వదిలేస్తే కథ సగమే. 1942 మొదటికల్లా జపాన్ మలయా, డచ్ ఈస్ట్ ఇండీస్ ఆక్రమించింది. అమెరికాకి వచ్చే సహజ రబ్బరులో తొంభై శాతం దాకా ఆ వైపు నుంచే. టైర్లు లేకుండా యుద్ధం ఎలా? అందుకని ప్రభుత్వం డబ్బు పెట్టి కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు కట్టించింది. ఆ రబ్బరులో సుమారు మూడు వంతులు బ్యూటాడీన్, ఒక వంతు స్టైరీన్. యుద్ధం అయిపోయింది. ఇప్పుడు చేతిలో ఏముంది? కొండలా స్టైరీన్ తయారుచేసే సామర్థ్యం, పక్కనే కృత్రిమ రబ్బరు. స్టైరీన్ చవకైంది, దాంతో బొమ్మలు, దువ్వెనలు చేసి అమ్మారు. పిల్లాడి చేతిలో బొమ్మ సాయంత్రానికి రెండు ముక్కలు. ప్లాస్టిక్ అంటే నాసిరకం అనే పేరు రావడానికి ఆ రోజుల్లో విరిగిన బొమ్మలు కూడా ఒక కారణం అని నేననుకుంటాను. కాబట్టి రబ్బరు కలపడం అప్పుడు వాళ్లకి సరదా కాదు, వ్యాపారం నిలబడాలంటే తప్పని పని.

అదే 1948లో యూఎస్ రబ్బర్ కంపెనీకి చెందిన లారెన్స్ డేలీకి ఇంకో పేటెంట్ వచ్చింది. స్టైరీన్‌కి తోడు యాక్రిలోనైట్రైల్ అనే ఇంకో రసాయనం చేర్చిన ప్లాస్టిక్‌లో ఆయన రబ్బరు కలిపాడు. ఈ దారిలోనే ఏబీఎస్ పుట్టింది. యాక్రిలోనైట్రైల్, బ్యూటాడీన్, స్టైరీన్, ఆ మూడు పేర్ల మొదటి అక్షరాలే ఏబీఎస్. 1954లో బోర్గ్-వార్నర్ దీన్ని సైకోలాక్ పేరుతో మార్కెట్‌లోకి తెచ్చింది. లెగో ఇటుకలు తెలుసు కదా? డెన్మార్క్‌లో ఆ ఇటుక పేటెంట్ దరఖాస్తు 1958 జనవరి 28న పడింది. కానీ అప్పుడు వాడింది సెల్యులోజ్ అసిటేట్, కాలం గడిస్తే వంకర్లు పోయేది. 1963లో ఏబీఎస్‌కి మారారు. అందుకే అప్పటి ఇటుక ఈనాటి ఇటుకకి ఇంకా టక్కుమని అతుక్కుంటుంది.

ఇంతవరకూ పని అయితే జరిగిపోయింది. కానీ ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ సరిగ్గా తెలియదు! 1956లో మెర్జ్, క్లేవర్, బేర్ అనే ముగ్గురు ఒక మాట చెప్పారు. పగులు వస్తున్నప్పుడు రబ్బరు బొట్టు వంతెనలా అటూ ఇటూ పట్టుకుని సాగుతుంది అని. వినడానికి బావుంది. కానీ లెక్క వేస్తే ఆ కొంచెం రబ్బరు సాగడానికి పట్టే శక్తి చాలా తక్కువ, లోలకం చూపించే శక్తి చాలా ఎక్కువ. ఆ మిగతా శక్తి ఎటు పోతోంది?

జవాబు ఆ తెల్ల గీతలో ఉంది. 1965లో బ్రిటన్‌కి చెందిన బక్‌నాల్, స్మిత్ అనే ఇద్దరు ఆ తెల్లదనం ఏమిటో వివరించారు. అది రంగు కాదు. లోపల లక్షల కొద్దీ అతి సన్నని పగుళ్ల లాంటివి, వాటి మీద వెలుగు చెదిరి తెల్లగా కనపడుతుంది. పూర్తి పగుళ్లు కూడా కావు అవి. ఒక్కో దానిలో రెండు అంచుల మధ్య ప్లాస్టిక్ దారాలు దారాలుగా సాగి ఇంకా పట్టుకునే ఉంటుంది. ప్రతి రబ్బరు బొట్టు చుట్టూ ఇవి మొదలవుతాయి, పక్క బొట్టు దగ్గర ఆగిపోతాయి.

చెరువు నిండింది అనుకోండి. కట్టకి ఒక చోట గండి పడితే ఊరు మునుగుతుంది. అదే నీరు వంద చిన్న తూముల్లోంచి పోతే కట్ట నిలబడుతుంది. స్కేల్లో ఒకటే గండి. రిమోట్ మూతలో లక్ష తూములు. తెల్ల గీత కనపడిందంటే తూములు తెరుచుకున్నట్టు. మా తమ్ముడి హెల్మెట్‌లో ఒక్కటీ తెరుచుకోలేదు.

సరిగ్గా అదే కాలంలో జపాన్‌లో కాటో అనే శాస్త్రవేత్త ఆస్మియం టెట్రాక్సైడ్‌తో రబ్బరుకి మాత్రమే పట్టే నల్లరంగు లాంటిది వేసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ బొట్లని ఫొటోలు తీశాడు. ఏబీఎస్‌లో బొట్టు సైజు ఒక మైక్రాన్ కంటే తక్కువ. మన వెంట్రుక మందంలో అలాంటివి వంద దాకా పక్కపక్కన పడతాయి. పాలీస్టైరీన్‌లో బొట్లు కాస్త పెద్దవి, వాటి లోపల మళ్లీ పాలీస్టైరీన్ ముద్దలు. పూర్ణంబూరె లోపల చిన్న చిన్న బూరెలు ఉన్నట్టు. దానివల్ల కొంచెం రబ్బరుతోనే పెద్ద బొట్టు వస్తుంది, ఖర్చు కలిసొస్తుంది.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. రబ్బరు ఊరికే కలిపితే సరిపోదు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌తో ముడిపడాలి. నూనె, నీళ్లు లాగా విడిగా ఉంటే బొట్టు అంటే ఒక ఖాళీ బొక్క లాంటిదే. పాలీస్టైరీన్‌లో ఆ ముడి దానంతటదే కొంత పడుతుంది, రబ్బరు గొలుసు మీదే స్టైరీన్ కొమ్మలా మొలుస్తుంది. నైలాన్‌లో అలా జరగదు. నైలాన్ 1935లో డ్యూపాంట్ వాళ్లది, మంచి బలం ఉంది, కానీ గాటు పెట్టి కొడితే సులువుగా విరుగుతుంది. 1970ల మధ్యలో డ్యూపాంట్ వాళ్లు రబ్బరుకి మాలేయిక్ అన్‌హైడ్రైడ్ అనే చిన్న చేయి తగిలించారు. ఆ చేయి నైలాన్ గొలుసు చివరని పట్టుకుంటుంది. ఐజాడ్ పరీక్షలో మామూలు నైలాన్ మీటరుకి 50 జౌళ్ల చుట్టుపక్కల ఉండేది, ఈ కొత్తది 900 దాకా వెళ్లింది. 1985లో అదే కంపెనీలో సౌహెంగ్ వూ ఇంకా వింత విషయం చూపించాడు. బొట్టు సైజు కంటే రెండు బొట్ల మధ్య దూరం ముఖ్యం. నైలాన్‌లో ఆ దూరం సుమారు 0.3 మైక్రాన్ కంటే తగ్గిందా, పెళుసు ప్లాస్టిక్ ఒక్కసారిగా మొండి ప్లాస్టిక్ అయిపోతుంది.

మరి గడ్డిపోచల సంగతి? అది గాజు దారంగా తిరిగొచ్చింది. గాజుని నమ్ముకోవడమేంటి అంటారా? 1921లో ఇంగ్లండ్‌లో గ్రిఫిత్ అనే ఇంజనీరు చూపించాడు, గాజు పెళుసుగా ఉండేది దాని మీదున్న సూక్ష్మమైన పగుళ్ల వల్ల. సన్నని దారంగా లాగితే పెద్ద పగులుకి చోటే ఉండదు, బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1930లలో అమెరికాలో గేమ్స్ స్లేటర్ బృందం గాజు దారాన్ని ఫ్యాక్టరీ స్థాయిలో తీసింది. 1950లలో ఇండియానా రాష్ట్రంలో రెక్స్‌ఫర్డ్ బ్రాట్ ఆ దారాన్ని ప్లాస్టిక్ గుళికల్లో పెట్టి, మామూలు అచ్చు యంత్రంలోనే పోసేలా చేశాడు. నైలాన్‌లో 30 శాతం గాజు వేస్తే వంగకుండా నిలబడే గుణం సుమారు మూడు రెట్లవుతుంది. డ్రిల్లింగ్ మిషన్ బాడీ, కారు ఇంజిన్‌కి గాలి వెళ్లే గొట్టాల భాగం, ఇవన్నీ ఎక్కువగా ఇలాంటివే.

కానీ ఇక్కడో చిక్కు ఉంది. అచ్చు యంత్రం మర తిరిగేటప్పుడు దారాలు ముక్కలైపోతాయి, చివరికి మిగిలేది మిల్లీమీటరులో మూడో వంతో, నాలుగో వంతో. మరీ పొట్టిదైతే పోచ పట్టు లేక జారిపోతుంది. పాత సామాను కరిగించి మళ్లీ పోసిన ప్రతిసారీ ఇంకా పొట్టిదవుతుంది. పైగా గాజు ఎక్కువైతే ముక్క బిరుసెక్కి సాగడం పోతుంది. రబ్బరు ఎక్కువైతే మెత్తబడి వంగుతుంది. రెండూ కలిపి సరిపెట్టుకోవడమే ఈ పని చేసేవాళ్ల రోజువారీ తలనొప్పి.

ఇప్పుడు మళ్లీ హెల్మెట్. మంచి హెల్మెట్ల పైచిప్ప చాలావాటిలో ఏబీఎస్‌తోనే ఉంటుంది, కొన్నిటిని పీచు-రెసిన్‌తో చేస్తారు. అంటే ఈ కథలోని రెండు దారులూ మీ తల మీదే ఉన్నాయి. లోపల ఉండే థర్మోకోల్ పాలీస్టైరీనే! అది నలిగి దెబ్బని మింగాలంటే, పైచిప్ప ముక్కలవకుండా దెబ్బని నాలుగు వైపులకీ పంచాలి. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ 4151 ప్రమాణం ప్రకారం ఐఎస్ఐ మార్కు లేని బైక్ హెల్మెట్ అమ్మడం చట్టవిరుద్ధం. [ముక్కలు తిప్పి చూపిస్తూ] దీని మీద మార్కు లేదు. లోపల థర్మోకోల్ కూడా లేదు, పలుచటి స్పాంజి ఉందంతే.

అసలు ఏబీఎస్ కూడా కలకాలం ఉండదు. అందులోని బ్యూటాడీన్ రబ్బరుకి ఎండ, గాలి పడవు. ఏళ్ల తరబడి ఎండలో ఉంటే పైపొరలో రబ్బరు బిరుసెక్కుతుంది, తూములు మూసుకుపోతాయి. అందుకే పదేళ్లు బండి మీద ఎండిన హెల్మెట్‌ని చూడటానికి బాగుంది కదా అని నమ్మకండి.

మా తమ్ముడికి కొత్తది కొన్నాం, మార్కు ఉన్నదే. తెచ్చిన రోజే వాడు, "అక్కా, దీని మీద స్ప్రే పెయింట్‌తో మంట బొమ్మ వేయిస్తా" అన్నాడు. వద్దన్నాను. పెయింట్‌లో ఉండే థిన్నర్, శుభ్రం చేద్దామని రాసే పెట్రోలు, ఇవి ఏబీఎస్‌ని లోపల్నుంచి బలహీనం చేస్తాయి, పైకేమీ కనపడదు. "నువ్వు ప్రతిదానికీ ఏదో ఒకటి చెబుతావు" అని అలిగాడు. ప్రస్తుతానికి పెయింట్ డబ్బా నా అలమరాలో దాచాను. ఎక్కడుందో వాడికి చెప్పకండి.